పాత విమానం కొని రేణిగుంటలో పెట్టుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో ఒకాయనకి జవాబిస్తా, ఒకే ఇంజన్ ఉండే నాలుగు సీట్ల పాత విమానాన్ని మామూలు మనిషి సొంతానికి కొనుక్కోవడం మన దేశంలో కుదిరే పనే అని రెండు ముక్కలు రాసినా. అంతే, ఉత్తరాలు, మెయిళ్ళు వరస పెట్టినాయి. కొన్ని నిజంగా కొనేవాళ్ళవి, కొన్ని ఊరికే తెలుసుకుందామని. ఒకే మాదిరి ఉన్నవాటిని కలిపేసి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నా. పేర్లు వద్దని చాలామంది అన్నారు కాబట్టి ఊర్లు మాత్రమే వేస్తున్నా.

ప్రశ్న: సార్, మాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండాది. నెలకి నాలుగైదు సార్లు హైదరాబాదు, బెంగుళూరు తిరగాల. ప్రైవేట్ పైలట్ లైసెన్సు కూడా తీసుకున్నా. సెస్నా 172, పైపర్ ఆర్చర్, సైరస్ ఎస్ఆర్22, డైమండ్ డీఏ40, ఈ నాలుగిట్లో పాతది ఏది కొంటే మేలు? స్పీడుగా ఉండేది కావాలంటాడు మా తమ్ముడు, చౌకగా వచ్చేది చాలంటాడు మా నాయన. — దామలచెరువు

జవాబు: అన్నా, మీ తమ్ముడి మాటా మీ నాయన మాటా రెండూ కాసేపు పక్కన పెట్టండి. ముందు చూడాల్సింది ఇంకో రెండున్నాయి. దాంట్లో పోసే ఇంధనం యాడ దొరుకుతుంది, దానికి రిపేరు చేసి పుస్తకంలో సంతకం పెట్టే ఇంజనీరు ఎంత దూరంలో ఉన్నాడు. అమెరికావాళ్ళు రాసే సలహాలన్నిట్లో స్పీడు, రేటు, సీట్లు ఇవే ఉంటాయి, ఎందుకంటే వాళ్ళకి చిన్న చిన్న ఊర్ల ఎయిర్‌పోర్టుల్లో కూడా పెట్రోలు, మెకానిక్కు రెండూ ఉంటాయి. మనకట్లా కాదు.

మీరు రాసిన నాలుగిట్లో 172, ఆర్చర్, ఎస్ఆర్22 మూడూ తాగేది అవ్‌గ్యాస్, పూర్తి పేరు అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్, నీలం రంగులో ఉంటుంది, సీసం కలిపిన పెట్రోలు. మన దేశానికి ఇది చాలాకాలం పూర్తిగా దిగుమతే. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్ళు వడోదర రిఫైనరీలో సొంతంగా తయారీ మొదలుపెట్టినాక పరిస్థితి కొంత మెరుగైంది గానీ అది దొరికేది ఎక్కువగా ఫ్లయింగ్ స్కూళ్ళు ఉండే చోటే, అదీ చాలాసార్లు డ్రమ్ముల్లెక్కన. ఎయిర్‌లైన్స్ జెట్లు దిగే ఎయిర్‌పోర్టులో మామూలుగా దొరికేది ఏటీఎఫ్, అంటే జెట్ ఇంధనం. అది ఈ పెట్రోలు ఇంజన్లలో పొయ్యకూడదు, పోస్తే టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజన్ ఆగిపోతుంది, ప్రపంచంలో ఇట్లా పొరపాటున పోసి కూలిపోయినవి కూడా ఉన్నాయి.

అందుకే నేను నాలుగో దాని దగ్గర ఆగుతా. డీఏ40లో రెండు మూడు రకాలున్నాయి, పేరు ఒకటే గానీ లోపల వేరు. మామూలు డీఏ40లో లైకమింగ్ 180 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్. డీఏ40 డి అని పాతదొకటి ఉంది, దాంట్లో థీలెర్ట్ అనే జర్మన్ కంపెనీ డీజిల్ ఇంజన్, ఆ కంపెనీ 2008లో దివాలా తీసింది, ఆ ఇంజన్లు ఓవర్‌హాల్ చేసేవి, అంటే మొత్తం విప్పి బాగుచేసి మళ్ళా బిగించేవి కావు, గంటలైపోతే మార్చేసేవి. చౌకగా వస్తుందని దాని జోలికి పోవద్దండి. మూడోది డీఏ40 ఎన్‌జీ. దాంట్లో ఆస్ట్రో ఏఈ300 ఇంజన్, 168 హార్స్‌పవర్, మెర్సిడెస్ కారు డీజిల్ ఇంజన్ని మూలంగా తీసుకుని చేసింది, జెట్ ఇంధనంతోనే నడుస్తుంది. అంటే రేణిగుంట ఎయిర్‌పోర్టులో ఎయిర్‌బస్సుకి పోసేదే దీనికీ పొయ్యొచ్చు. గంటకి సుమారు 20 నించి 25 లీటర్లు తాగుతుంది. 172 అయితే 32, 34 లీటర్లు, ఎస్ఆర్22 అయితే 60 దాటుతుంది. పైగా దీనికి టర్బో ఉంది కాబట్టి మన ఎండల్లో బలం అంతగా పడిపోదు.

స్పీడు సంగతి కూడా చెప్పేస్తా. రేణిగుంట నించి హైదరాబాదుకి నేరుగా సుమారు 440 కిలోమీటర్లు. 172 రెండు గంటల్లో పోతుంది, కాస్త అటూ ఇటూ. ఎస్ఆర్22 గంటకి 300 కిలోమీటర్ల పైనే పోతుంది గానీ ఎక్కడం దిగడం కలిపితే మీకు మిగిలేది అరగంట, మహా అంటే నలభై నిమిషాలు. మన దేశంలో ప్రతి ఫ్లయిటుకీ ఫ్లయిట్ ప్లాన్ వెయ్యాల, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్సు నంబరు తీసుకోవాల, ఎఫ్ఐసీ, అంటే ఫ్లయిట్ ఇన్ఫర్మేషన్ సెంటరు ఇచ్చే నంబరు తీసుకోవాల. ఆ నంబర్ల కోసం విమానాలు నిలిపే ఏప్రన్‌లో కూర్చున్న రోజు మీ తమ్ముడు ఆ అరగంట స్పీడు గురించి మాట్లాడడు లెండి. ఇంకోటి, చూపుతో నడిపే వీఎఫ్ఆర్ ఫ్లయిట్లు సూర్యుడు అస్తమించిన 20 నిమిషాల తర్వాత మన దగ్గర కుదరవు. మీకు మీటర్లు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేకపోతే పొద్దున పోయి మధ్యాహ్నం మూడుకల్లా తిరుగు దారి పట్టాలి, ఎంత స్పీడు విమానమైనా.

ఎన్‌జీ పాతది దొరక్కపోతే, లేదా రేటు అందకపోతే, రెండోది సెస్నా 172లో కొత్త రకం, 172ఎస్. ప్రపంచంలో ఇంకే విమానమూ తయారుకానన్ని తయారైనాయి 172లు, 44 వేల పైమాటే, అందువల్ల స్పేర్లు దొరుకుతాయి, ముఖ్యంగా మన ఫ్లయింగ్ స్కూళ్ళలో అదే ఉంది కాబట్టి దాన్ని విప్పి బిగించడం తెలిసిన ఇంజనీర్లు బెంగుళూరు, హైదరాబాదు వైపు ఉన్నారు. కాకపోతే అవ్‌గ్యాస్ లెక్క మాత్రం విమానం అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి. ఆయిల్ కంపెనీ ఏవియేషన్ ఆఫీసుకి పోయి, నెలకి ఇన్ని డ్రమ్ములు, ఫలానా చోట, ఇస్తారా లేదా అని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: అవ్‌గ్యాస్ దొరక్కపోతే బంకులో పెట్రోలు పోసుకుంటే ఏమవుతుంది సార్? అమెరికాలో పోస్తారని యూట్యూబ్‌లో చూసినా. — పాకాల

జవాబు: అక్కడ పోసేది నిజమే, తక్కువ కంప్రెషన్ ఉండే పాత 150 హార్స్‌పవర్ ఇంజన్లకి ప్రత్యేకంగా అనుమతి పత్రం ఉంటుంది. కానీ ఆ అనుమతిలోనే ఇథనాల్ కలవని పెట్రోలు అని రాసుంటుంది. మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్. అది ట్యాంకు సీలింగుని, రబ్బరు పైపుల్ని తింటుంది, నీళ్ళని పీల్చుకుంటుంది, పైన వేడికి పైపుల్లోనే ఆవిరై ఇంజన్‌కి అందకుండా పోయే ప్రమాదం ఎక్కువ. రోటాక్స్ 912 ఇంజన్ ఉండే టెక్నమ్ లాంటి రెండు సీట్ల విమానాలకి కంపెనీవాళ్ళే మామూలు పెట్రోలు ఒప్పుకుంటారు గానీ వాళ్ళ హద్దు కూడా 10 శాతం ఇథనాలే. కాబట్టి వద్దు.

ప్రశ్న: నేను డాక్టర్ని. అమెరికాలో మా బావమరిది 1978 మోడల్ సెస్నా 172ఎన్ చూసినాడు. మన కొత్త లగ్జరీ కారు రేటుకే వస్తుంది అంటున్నాడు. విప్పి కంటైనర్లో వేసి చెన్నై పోర్టుకి పంపిస్తా అంటున్నాడు. తీసుకోవచ్చా? — తిరుపతి, కొర్లగుంట

జవాబు: డాక్టర్ గారూ, విమానం మంచిదే కావచ్చు, మీ బావమరిది మనసు కూడా మంచిదే, కానీ ఆ విమానం మన దేశంలోకి రాదు. దిగుమతి చేసుకునే విమానాల వయసు మీద డీజీసీఏకి, అంటే మన విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థకి, రూలుంది. లోపల గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేని (ప్రెషరైజ్ చెయ్యని) చిన్న విమానాల విషయంలో రికార్డులు చూసి ఒక్కో కేసు విడిగా తేలుస్తారు, కానీ 20 ఏళ్ళు దాటినవాటిని మామూలుగా ఒప్పుకోరు. 1978ది అంటే దానికి మనవలు పుట్టే వయసు. డబ్బు పంపకముందే డీజీసీఏకి సీరియల్ నంబరుతో సహా రాసి అనుమతి తెచ్చుకోవాలి, కంటైనర్ చెన్నైలో దిగినాక కాదు.

రెండో దెబ్బ పన్ను. 2025 సెప్టెంబరు 22 నించి సొంత వాడకానికి తెచ్చుకునే విమానాల మీద జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28 శాతం, దాని మీద సెస్సు. అక్కడ చెప్పిన రేటుకి రవాణా, ఇన్సూరెన్సు కలిపి, దాని మీద ఈ 40 వేసుకుని, ఇక్కడ రెక్కలు బిగించి పరీక్షించే ఖర్చు కూడా వేసుకుని అప్పుడు కారుతో పోల్చండి.

ఇంకో మాట. 1977 నించి 1980 దాకా వచ్చిన 172ఎన్‌లో లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడీ అనే ఇంజన్ ఉంటుంది. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్, టాపెట్లు తొందరగా అరిగిపోతాయని దానికి పేరు పడిపోయింది. తర్వాత మార్పులు చేశారు, సరిగ్గా చూసుకున్నవి బాగానే నడుస్తున్నాయి, అయినా 1981లో వచ్చిన 172పీలో కంపెనీవాళ్ళే ఆ ఇంజన్ వదిలేసి వేరేది పెట్టినారు. అందుకే 172ఎన్ మిగతావాటికన్నా చౌక, మీ బావమరిదికి దొరికిన బేరంలో ఇది కూడా ఒక భాగం అయ్యుండొచ్చు.

వయసు రూలు లెక్కన మనం చూడాల్సింది 2000ల మధ్యలో, ఆ తర్వాత తయారైనవి. సెస్నా కంపెనీ 1986లో ఈ చిన్న విమానాల తయారీ ఆపేసి మళ్ళా 1996లో మొదలుపెట్టింది, కాబట్టి మనకి తగిలేవన్నీ ఆ రెండో తరం 172ఆర్, 172ఎస్‌లే. లేదా ఇంకో దారుంది, నాకు అదే నచ్చుతుంది. ఇప్పటికే వీటీ అక్షరాలతో మన దేశంలో రిజిస్టరైన విమానం కొనడం. ఫ్లయింగ్ స్కూళ్ళు అప్పుడప్పుడు పాతవి అమ్ముతాయి. గంటలు విపరీతంగా తిరిగుంటాయి, లోపల సీట్లు చినిగుంటాయి, పిల్లోళ్ళు దబదబా దించిన ల్యాండింగులు ముందు చక్రం దగ్గర ఫైర్‌వాల్, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు మీద కనిపిస్తాయి. కానీ దిగుమతి గొడవ లేదు, కాగితాలు మన భాషలోనే, అంటే డీజీసీఏ భాషలో ఉంటాయి, విమానం ఎగరడానికి పనికొస్తుందని ఏటా తీసుకునే ఏఆర్‌సీ సర్టిఫికెట్లన్నీ వరసగా చూసుకోవచ్చు.

ప్రశ్న: రెక్క పైన ఉండేది మంచిదా, కింద ఉండేది మంచిదా? — శ్రీకాళహస్తి

జవాబు: దీని మీద పైలట్లు తెల్లవార్లూ వాదించుకుంటారు, తేలదు. ఎగరడంలో పెద్ద తేడా లేదు. నేల మీద మాత్రం ఉంది. సెస్నా రెక్క నెత్తి మీద ఉంటుంది కాబట్టి మే నెలలో నీడ, వానలో గొడుగు, రెండు పక్కలా తలుపులు. పైపర్ ఆర్చర్‌కి తలుపు ఒకటే, కుడి పక్క, రెక్క మీద కాలుపెట్టి ఎక్కాలి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చీరతో ఎక్కేది ఒకసారి ఊహించుకోండి. డైమండ్‌కి గాజు బుడగ మాదిరి పైకప్పు, బయటికి అద్భుతంగా కనిపిస్తుంది, రేణిగుంట ఎండలో పావుగంట నిలబెడితే లోపల కూర్చోలేరు, తెల్ల గుడ్డ కవరు తప్పనిసరి.

ఇంధనం విషయంలో ఒక అసలు తేడా ఉంది. 172లో ట్యాంకులు పైనుంటాయి, పెట్రోలు దానంతటది కిందికి దిగుతుంది, మీట 'రెండూ' అనే చోట పెట్టి మర్చిపోవచ్చు. పైపర్‌లో ఎడమ, కుడి అని మాత్రమే ఉంటుంది, అరగంటకొకసారి గుర్తుపెట్టుకుని మార్చాలి, మర్చిపోతే ఒక ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజన్ ఆగుతుంది. కొత్త పైలట్ అయితే నేను సెస్నావైపే.

ప్రశ్న: నాలుగు సీట్లు అంటే నలుగురం పోవచ్చు కదా? మేం నలుగురు అన్నదమ్ములం, అందరం కాస్త ఒళ్ళున్నోళ్ళమే. — పీలేరు

జవాబు: సీట్లు నాలుగు, మోసేది ముగ్గుర్ని. 172ఎస్ లెక్క చెప్తా చూడండి. మొత్తం కలిపి 1,157 కిలోలు మించకూడదు. ఖాళీ విమానం, దాంట్లో ఉండే సామాన్లని బట్టి, 770 కిలోల చుట్టూ ఉంటుంది. మిగిలింది 385. ట్యాంకు నింపితే వాడకానికొచ్చే అవ్‌గ్యాస్ 200 లీటర్లు, బరువు 144 కిలోలు. ఇంక 240. మీ నలుగురి బరువు కలిపి ఎంతో మీకే తెలుసు. నలుగురూ పోవాలంటే పెట్రోలు సగం పోసుకుని బెంగుళూరు దాకా పోవచ్చు, అది 220 కిలోమీటర్లే.

అయితే ఇదంతా చల్లటి పూట లెక్క. మన దగ్గర మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రెక్కకి పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కీ ప్రొపెల్లర్‌కీ బలం తగ్గుతుంది. రేణిగుంట రన్‌వే సముద్రమట్టానికి 107 మీటర్ల ఎత్తులో ఉంది గానీ 42 డిగ్రీల్లో ఆ గాలి విమానానికి దాదాపు 1,100 మీటర్ల ఎత్తులో ఉండే గాలి మాదిరి అనిపిస్తుంది, అంటే ఇంచుమించు హార్సిలీ హిల్స్ మీద నించి ఎగరేసినట్టే. రేణిగుంట రన్‌వే పొడుగుంది కాబట్టి నేల వదలడం సమస్య కాదు, సమస్య తర్వాత, ఎక్కడం నిదానమవుతుంది, ఎదురుగా శేషాచలం కొండలు. మీ అన్నదమ్ములు నలుగురూ ఎప్పుడూ కలిసే పోవాలంటే సెస్నా 182 చూడండి, 230 హార్స్‌పవర్, గంటకి 50 లీటర్లు తాగుతుంది, కానీ మోస్తుంది.

ప్రశ్న: 2006 మోడల్, మొత్తం 800 గంటలే తిరిగింది, ఇంజన్‌కి ఇంకా 1,200 గంటలు మిగిలుండాది, ఒకే ఓనరు, ఎప్పుడూ షెడ్డులోనే అంటున్నాడు బ్రోకరు. రేటు ఎక్కువ చెప్తున్నాడు గానీ తక్కువ గంటలు కాబట్టి ఇవ్వొచ్చు అనిపిస్తుంది. — పలమనేరు

జవాబు: ఈ ప్రశ్న రాసినందుకు మీకు దండం పెట్టాలి, ఎందుకంటే కొనేవాళ్ళలో ఎక్కువమంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

ఇన్నేళ్ళలో 800 గంటలు అంటే ఏడాదికి నలభై చిల్లర. కారుకైతే తక్కువ తిరిగింది అని సంబరపడతాం. 172, ఆర్చర్ లాంటివాటిలో ఉండే ఈ లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. నడిపి ఆపేస్తే దాని మీదున్న ఆయిలు మెల్లగా కిందికి జారిపోతుంది. నెలల తరబడి కదలకపోతే ఉత్త ఇనుము మీద తేమ కూర్చుంటుంది, తుప్పు పడుతుంది. ఆ తర్వాత స్టార్ట్ చేసినప్పుడు ఆ తుప్పు పొడి రాపిడికి క్యామ్ మూతులు అరిగిపోతాయి. బయట రంగు నిగనిగలాడుతా ఉంటుంది. సముద్రం దగ్గరుండే ఊర్లో పెట్టినదైతే ఇంకా ఘోరం. ఏడాదికి 150, 200 గంటలు క్రమం తప్పకుండా తిరిగి 1,500 గంటలైన ఇంజన్ని నేను దీనికన్నా ముందు తీసుకుంటా.

ఇంకా మిగిలిన 1,200 గంటలనే లెక్క కూడా సగమే. లైకమింగ్ కంపెనీ ఈ ఇంజన్లకి చెప్పేది 2,000 గంటలు, లేదా 12 ఏళ్ళు, ఏది ముందైతే అది. 2006 ఇంజన్‌కి మధ్యలో ఓవర్‌హాల్ చెయ్యకపోతే ఏళ్ళ లెక్కన దాని గడువు ఎప్పుడో అయిపోయింది. బ్రోకరు గంటలు చెప్పి ఏళ్ళు చెప్పలేదు. ఓవర్‌హాల్‌కి మామూలుగా 30 వేల డాలర్లు, ఆ పైన కూడా అవుతుంది, రవాణా వేరే. ఆ మొత్తం రేటులో తగ్గించమనండి, అతను ఎగిరిపడితే వదిలెయ్యండి.

చూడ్డానికి పోయేటప్పుడు మీరు ఒక్కరే పోవద్దు, అమ్మేవాడు చూపించిన ఇంజనీరు వద్దు, మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న ఏఎంఈని, అంటే లైసెన్సున్న విమాన మెయింటెనెన్స్ ఇంజనీరుని తీసుకుపోండి, ఆ రకం విమానం మీద పనిచేసినవాడై ఉండాలి. ముందు విమానం జోలికి పోకండి, ఒక పూట మొత్తం లాగ్ పుస్తకాల ముందు కూర్చోండి. ఎయిర్‌ఫ్రేమ్ అంటే విమానం ఒళ్ళుది, ఇంజన్‌ది, ప్రొపెల్లర్‌ది విడివిడిగా ఉంటాయి. మధ్యలో ఏళ్ళు ఖాళీగా ఉన్నాయా, ప్రొపెల్లర్ ఎప్పుడైనా నేలకి తగిలిందా, తగిలితే ఇంజన్ విప్పి చూశారా, ఏడీలు అంటే తప్పనిసరి ఆదేశాలన్నిటికీ ఎదురుగా తేదీ, సంతకం ఉన్నాయా చూడండి. సెస్నా అయితే సీటు పట్టాల ఏడీ అడగండి, పట్టా అరిగిపోయి టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే పైలట్ పట్టుకోసం స్టీరింగ్ లాగుతాడు, ముక్కు పైకి లేస్తుంది, మనుషులు పోయారు అట్లా. ఒక లాగ్ పుస్తకం పోయింది అంటే రేటు తగ్గించి అడగడం కాదు, మన డీజీసీఏ దగ్గర ఆ విమానంతో ఇబ్బంది పడతారు, వద్దు.

పుస్తకాలు బాగుంటే అప్పుడు ఇంజన్. కంప్రెషన్ పరీక్ష 80కి ఎంత అని చెప్తారు, డెబ్బైల్లో ఉంటే సంతోషం, అరవైకి దిగితే ఎందుకని అడగాలి, ఒక సిలిండర్ మిగతావాటికన్నా బాగా తక్కువుంటే ఇంకా గట్టిగా అడగాలి. సిలిండర్ల లోపలికి బోర్‌స్కోప్ కెమెరా పెట్టి వాల్వులు చూడమనండి. ఆయిల్ ఫిల్టర్ కోయించి మడతల్లో ఇనుప రజను ఉందేమో చూడండి. ఎక్కువ రోజులు పడుకున్న ఇంజన్ అయితే ఒక సిలిండర్ విప్పి క్యామ్ కళ్ళతో చూడమని అడగండి. చాలామంది అమ్మేవాళ్ళు ఒప్పుకోరు. విమానానికి అంత పెట్టి ఈ పరీక్ష ఖర్చు దగ్గర బేరమాడటం ఏనుగుని కొని అంకుశం దగ్గర తగువు పడ్డట్టే.

ప్రశ్న: అంకుల్, నేను టెక్సాస్‌లో ఉంటాను, మాది చంద్రగిరి. 2007 పైపర్ ఆర్చర్ ఉంది. వచ్చే ఏడాది శాశ్వతంగా ఇంటికొచ్చేస్తున్నాం. విమానం కూడా తెచ్చుకోవాలని ఆశ. — చంద్రగిరి వైపు అమ్మాయి

జవాబు: అమ్మా, అక్కడే అమ్మేసి రా. వయసు రూలుకి నీ విమానం అంచున ఉంది, నువ్వొచ్చే లోపల దాటినా దాటేస్తుంది. పైపర్ పీఏ-28 కుటుంబానికి ఇంకో పరీక్ష కూడా ఉంది. 2018లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర శిక్షణకి వాడే ఒక పైపర్ యారోకి గాల్లోనే రెక్క విరిగిపోయింది, రెక్కని మోసే దూలం, అంటే స్పార్‌లో బోల్టు రంధ్రం దగ్గర లోహం అలసిపోవడం వల్ల పగులు. ఆ తర్వాత అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ళు ఎక్కువ గంటలు తిరిగినవాటికి ఆ రంధ్రాల్ని కంటికి కనిపించని పగుళ్ళు పట్టే ఎడ్డీ కరెంట్ పద్ధతిలో తనిఖీ చెయ్యాలని ఆదేశం ఇచ్చారు. నీది స్కూల్లో తిరిగిన విమానం కాకపోతే దాని లెక్కలోకి వచ్చేదానికి టైముండొచ్చు, అయినా ఇక్కడ ఆ పరికరం, ఆ మనిషి కోసం వెతుక్కోవాలి. దానికి అక్కడైతే కొనేవాళ్ళు క్యూలో ఉంటారు. లైసెన్సు మాత్రం వదులుకోకు, నీ లాగ్‌బుక్ గంటలు జాగ్రత్తగా ధ్రువీకరించుకుని తెచ్చుకో, ఇక్కడి లైసెన్సుకి మార్చుకునేటప్పుడు అవసరం.

ప్రశ్న: మా ఆయన సైరస్ కొంటానని ఒకటే పట్టు. దాంట్లో విమానానికే పారాచూట్ ఉంటుంది, ఏమైనా అయితే మీట లాగితే మెల్లగా దిగుతుంది, నువ్వు భయపడాల్సిన పన్లేదు అంటున్నాడు. నిజమేనా అండీ? — తిరుపతి, బైరాగిపట్టెడ

జవాబు: పారాచూట్ నిజమే అమ్మా. రాకెట్‌తో బయటికొచ్చి విమానం మొత్తాన్ని మోస్తుంది, దానివల్ల చాలామంది బతికారు. కానీ మెల్లగా అంటే పువ్వులా కాదు, గట్టిగానే తగులుతుంది, సీట్లు ఆ దెబ్బ తట్టుకునేట్టు చేసుంటారు. బాగా కింద ఉన్నప్పుడు, టేకాఫ్ అయిన మొదటి క్షణాల్లో, అది విచ్చుకునే టైముండదు. ఇంకా పదేళ్ళకొకసారి ఆ పారాచూట్‌నీ రాకెట్‌నీ మార్చి తీరాలి, అది లక్షల్లో ఖర్చు, అది చేసే అనుమతి ఉన్నవాళ్ళు ఎక్కువమంది లేరు. మీవారు చూస్తున్న పాత సైరస్‌కి ఆ గడువు ఎప్పుడని అడగండి. జవాబు తడుముకుంటే ఆయనింకా కాగితాలు చూడలేదని అర్థం. ఇంకోటి, సైరస్ వేగంగా దిగే విమానం, 172 మీద నేర్చుకుని నేరుగా దీంట్లో కూర్చోకూడదు, ఆ రకం తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ పక్కన చాలా గంటలు కూర్చోవాలి. దానికి ఒప్పుకుంటేనే ఊ అనండి.

ప్రశ్న: సొంత విమానం ఉంటే చెన్నై నించి భక్తుల్ని మనిషికింత అని తీసుకొచ్చి, అట్లే కొండ చుట్టూ ఒక రౌండు తిప్పితే ఖర్చు వచ్చేస్తుంది కదన్నా? — పుత్తూరు

జవాబు: రాదు తమ్ముడూ, కేసు వస్తుంది. ప్రైవేటుగా రిజిస్టరైన విమానంలో టిక్కెట్టు డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించకూడదు, దానికి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ కావాలి, నడిపేవాళ్ళకి కమర్షియల్ లైసెన్సు కావాలి, అది వేరే వ్యాపారం. కొండ సంగతైతే, తిరుమల మీదుగా విమానాలు పోకూడదని టీటీడీ ఏళ్ళ తరబడి కేంద్రాన్ని అడుగుతా ఉంది. అక్కడ సరదా రౌండ్ల మాట రేడియోలో అనడానికే మనకి నోరు రాకూడదు.

ప్రశ్న: ఏడాదికి ఎన్ని గంటలు తిరిగితే సొంతది గిట్టుబాటు? — చిత్తూరు, గ్రానైట్ వ్యాపారం

జవాబు: గిట్టుబాటు అనే మాట తీసేసి మాట్లాడుకుందాం, సొంత విమానం ఎప్పుడూ గిట్టదు. తిరిగినా తిరక్కపోయినా వచ్చే ఖర్చులు ఇవి: ఇన్సూరెన్సు, పార్కింగు, ఏటా ఏఆర్‌సీ, కాగితాలు చూసే కామో సంస్థకి ఫీజు, వార్షిక తనిఖీ, తనిఖీలో బయటపడేవి. ఈ చివరిది ప్రతిసారీ మిగతావాటికన్నా ఎక్కువ. ఏడాదికి వంద గంటల లోపలైతే ఫ్లయింగ్ క్లబ్బులో గంటల్లెక్కన తీసుకోవడమే తెలివి. లేదా ముగ్గురు నలుగురు కలిసి కొనండి, అప్పుడు ఖర్చు చీలుతుంది, విమానమూ వారం వారం కదులుతుంది. కానీ ఎవరు ఎప్పుడు వాడాలి, ఇంజన్ ఓవర్‌హాల్‌కి గంటకింత అని ఎవరు పక్కన పెట్టాలి, ఒకరు తప్పుకుంటే వాటా ఎట్లా, ఇవన్నీ స్టాంపు పేపరు మీద ముందే రాసుకోండి. స్నేహితులమే కదా అని వదిలేస్తే మొదటి రిపేరు బిల్లు రోజు తెలుస్తుంది.

ప్రశ్న: కొనేశాం అనుకోండి, షెడ్డు దొరకదు, బయటే పెట్టాలి. ఏం జాగ్రత్తలు? — రేణిగుంట

జవాబు: నవంబరు, డిసెంబరు నెలల్లో మనకి తుపాను గాలులు ఉంటాయి కాబట్టి రెక్కలకీ తోకకీ మూడు చోట్ల తాళ్ళు, నేలలో కాంక్రీటులో దించిన కొక్కేలు ఉండాలి, సిమెంటు దిమ్మెలు చాలవు. వాన తర్వాత ప్రతిసారీ ట్యాంకు అడుగున నీళ్ళు పట్టి చూడాలి, పాత మూతల సీళ్ళు కారుతాయి. గాలి వేగం చూపించే పిటో గొట్టానికి కవరు తప్పనిసరి, కందిరీగలు ఒక్క పూటలో దాంట్లో మట్టి గూడు పెట్టేస్తాయి, తర్వాత టేకాఫ్‌లో స్పీడు మీటరు తప్పు చూపిస్తుంది. ఇంజన్ కవరు కింద పిచ్చుకలు గూడు కట్టాయేమో టార్చి వేసి చూడాలి.

చాలామంది తీరిక లేనప్పుడు పోయి పది నిమిషాలు నేల మీదే స్టార్ట్ చేసి ఆపేస్తారు, ఇంజన్‌కి మంచిదని. మంచిది కాదు. అంతసేపట్లో ఆయిలు అందులోని తేమ ఆవిరయ్యేంత వేడెక్కదు, పైగా కొత్త తేమ చేరుతుంది. అయితే గాల్లో అరగంట పైన తిప్పండి, లేకపోతే ముట్టుకోకండి. నెల రోజులకి మించి ఆగేట్టయితే మీ ఇంజనీరుతో నిల్వ ఆయిలు పోయించి, సిలిండర్లకి తేమ పీల్చే ప్లగ్గులు బిగించమనండి.